బొంద కాడి తువ్వాల

లింగస్వామి ఇంటి ముందు దండెం మీద ఒక కొత్త తువ్వాల వేలాడుతోంది. ఎర్రంచు తెల్ల తువ్వాల. కొన్ననాటి మడత గీత ఇంకా పోలేదు. వాన వస్తే ఇంట్లోవాళ్లు మిగతా బట్టలన్నీ లోపలికి తీస్తారు, దాన్ని మాత్రం తీయరు. ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు బూడిద రంగు తిరుగుతోంది. ఒకరోజు చుట్టపు చూపుగా వచ్చిన లింగస్వామి భార్య సుక్కమ్మ తమ్ముడు కాళ్లు కడుక్కుని ఆ తువ్వాల కోసం చెయ్యి చాపాడు. సుక్కమ్మ ఉరికొచ్చి గుంజుకుంది.

"గది తుడుసుకునేది కాదు తమ్మి. ఇగో, నా కొంగు తీస్కో."

"ఎందుకక్కా, కొత్తదే కదా?"

"కొత్తదే. గదే తిప్పలు."

చదివేవాళ్లకు ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది. గుడ్డపేలిక గురించి కథేమిటి అనుకుంటారు. కానీ మనిషిని కట్టేయాలంటే ఇనుప గొలుసే కావాలని ఎవరు చెప్పారు? మన ఊళ్లలో ఒక తువ్వాల చాలు. ఎట్లా చాలుతుందో వినండి.

మేళ్లచెరువుకు దాపున ఉన్న ఆ ఊరి నేల పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. మోకాలి లోతు తవ్వగానే గడ్డపార ఖంగుమని మోగుతుంది. ఆ నేలలో శవానికి బొంద తవ్వడం అంటే ఒక పూటంతా రెక్కలు విరుచుకోవడమే. తరతరాలుగా ఆ పని మాదిగ వాడది. ఊళ్లో ఎవరు చచ్చినా ఒక మనిషి వాడ మొగదలకు వచ్చి నిలబడి "బొందకు రాండ్రి" అని కేకేసేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. తింటున్నవాడు చెయ్యి కడుక్కుని లేవాలి. జ్వరంతో పడుకున్నవాడు కొడుకును పంపాలి. తవ్వడం అయ్యాక చచ్చినవాళ్ల ఇంటి మనిషి ఒక కొత్త తువ్వాల, సీసా కల్లు, దోసెడు బియ్యం తెచ్చి, తవ్విపోసిన మట్టి మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. చేతికి ఇవ్వడు. మట్టి మీదే పెడతాడు. ఆ తువ్వాల ఎవడు ఎత్తుకుంటే ఊరి వంతు వాడిది. మళ్లీ ఎవరు చచ్చినా వాడింటికే కబురు. రాను అనడానికి నోరుండదు. తువ్వాల ఎత్తుకున్నావు కదా అంటారు.

లింగస్వామి తండ్రి అట్లా ఊరందరికీ బొందలు తవ్వి నడుము పోగొట్టుకున్నాడు. ఆయన చచ్చిననాడు పిడికెడు మట్టి వేయడానికి ఊళ్లోంచి ఒక్కడు రాలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో లింగస్వామి అన్న సాల్మన్ వాడ మొత్తాన్నీ చర్చి ముందర కూచోబెట్టాడు. సాల్మన్ ఫ్యాక్టరీలో బస్తాలు మోసి, యూనియన్‌లో తిరిగి, మాట్లాడడం నేర్చినవాడు.

"రాష్ట్రం వచ్చిందని రంగులు సల్లుకున్నం. మంచిదే. మరి మన భుజం మీది గడ్డపార దిగిందా? ఇయ్యాల్టి నుంచి ఎవని తల్లికి వాడే తవ్వుకోవాలె. తువ్వాల ఎవడు ముట్టొద్దు."

ఆ మాటకు మొదట చెయ్యెత్తినవాడు లింగస్వామే. తండ్రి నడుము అతని కళ్ల ముందు ఉంది మరి.

ఊరు కొన్నాళ్లు తిట్టింది. తర్వాత దారి వెతుక్కుంది. గడ్డపార మాత్రం పట్టలేదు. జేసీబీని పిలిచింది. చిత్రం ఏమిటంటే ఆ జేసీబీ నడిపేది లింగస్వామి కొడుకు విజేందరే. సాల్మన్ పడీ పడీ నవ్వాడు.

"సూసిన్రా, గడ్డపార వడితె మాదిగోడు, జేసీబీ ఎక్కితె డ్రైవర్ సాబు. గదే చెయ్యి, గదే బొంద."

వాడలో కొందరు విజేందర్‌ను నిలదీశారు. మనం మానేసిన పనే కదరా నువ్వు చేస్తున్నది అన్నారు. విజేందర్ తడుముకోలేదు.

"నేను కాలువకు పోత, పునాదికి పోత, బొందకు పోత. అన్నిటికీ ఒక్కటే కిరాయి. మనసొప్పకుంటే రానంట. గా రాను అనుడు నా చేతుల ఉన్నది. తాత చేతుల లేకుండె. గంతే తేడా."

అట్లా కొన్నేళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో గోపమ్మ చచ్చిపోయింది.

గోపమ్మ గొల్లల ఇంటి ముసలమ్మ. మొగుడు చిన్నతనంలోనే పోతే జీవాలను కాసి కొడుకు వెంకన్నను పెంచింది. లింగస్వామి బిడ్డ గ్రేస్ పుట్టినప్పుడు సుక్కమ్మ జ్వరంతో మంచం పట్టి పాలు ఎండిపోయాయి. అప్పుడు గోపమ్మ ప్రతి పొద్దున మేకపాలు తెచ్చి పోసేది. గిన్నె గిన్నెకు తగలకుండా పైనుంచి పోసేది. పోసింది నిజం, తగలకుండా పోసింది కూడా నిజం. ఆ గ్రేస్ ఇప్పుడు నల్గొండ దవాఖానలో నర్సు.

ముసురు పట్టిన ఆ పొద్దున వెంకన్న వాడ మొగదలకు వచ్చి నిలబడ్డాడు. గొడుగు లేదు. చర్చి అరుగు మీద కూచున్న వాళ్లలో లింగస్వామిని వెతుక్కున్నాడు.

"లింగన్నా, మా అమ్మ పోయింది."

ఊళ్లోవాళ్లు తనను అన్నా అని పిలవడం లింగస్వామి అంతకుముందు వినలేదు.

"వాగు అవతల మా నాయిన బొంద పక్కకే పెట్టమని సెప్పి పోయింది. గా రేగట్ల జేసీబీ దిగబడ్తదంట. మీ విజేందర్ సూసొచ్చి అయితలేదన్నడు. నేను వంతని రాలేదన్నా. దండం పెడ్తున్న."

సాల్మన్ అడిగాడు. "మీ ఇంట్ల మగోళ్లు లేరా వెంకన్నా? గడ్డపార లేకుంటే నేనిస్త, తీస్కపో."

"మా కులంల అయినోళ్లు తవ్వితె కీడంటరు సాల్మనన్నా."

"గా కీడు మీకు తగుల్తది, మాకు తగలదా? మా ఒళ్లు గంత గట్టిదా?"

వెంకన్న తల వంచుకున్నాడు. "నాకు తెల్వదన్నా. అమ్మ ఇంటి ముంగట ఉన్నది. వాన ఆగుతలేదు."

మాట్లాడుకుని చెప్తాం, జర ఆగమన్నారు. అతను వానలోనే ఆగాడు. అరుగు ఎక్కమని వీళ్లు అనలేదు, ఎక్కుతానని అతను అడగలేదు.

అరుగు మీద మాట మొదలైంది. పెద్ద చదువులు చదివినవాళ్లు ధర్మం గురించి పుస్తకాలు రాస్తారు. ఆ పుస్తకాల్లో ఉండే ప్రశ్న ఆ పొద్దున ఆ అరుగు మీదికే వచ్చి కూచుంది. మేలు చేసినవాళ్లకు మేలు చేయాలా? ఆ మేలు నలుగురికి కీడు చేసేదైతే అప్పుడు కూడా చేయాలా?

"ఆమె పాలే లేకుంటె గ్రేస్ దక్కేదా?" అంది సుక్కమ్మ. "ఇయ్యాల గా మనిషి వాన్ల నానుతాంటె మనం గీడ కూసోని తీర్మానాలు సదువుకుందామా?"

"పాలు పోసింది, కాదన్న. గిన్నె తగలకుండ మీదికెల్లి పోసింది. గది గూడ యాదుంచుకో" అన్నాడు సాల్మన్.

"తగలకుండ పోసినా పిల్ల కడుపుల పడ్డయి బావా."

విజేందర్ మధ్యలోకి వచ్చాడు.

"పో బాపూ, నేను వద్దన. కాని ఒక్కనివి తవ్వకు. వెంకన్న బొందల దిగితెనే నువ్వు దిగు. ముందుగల్ల గా మాట సెప్పి పో."

లింగస్వామి అరుగు దిగుతూ అన్నాడు. "సచ్చిన మనిషి కాడ షరతులు పెడ్తమా రా?"

"పెట్టాలె" అన్నాడు సాల్మన్. "షరతు లేని మంచితనం మనకు తెల్వంది కాదు. మన తాతలు షరతు లేకుండనే తవ్విన్రు."

లింగస్వామి విన్నాడు. విని కూడా నడిచాడు. అతని మనసులో అప్పుడు ఊరు లేదు, వాడ లేదు. పాలగిన్నె మాత్రమే ఉంది. నేను ఒక మనిషి కోసం పోతున్నాను, నా మనసు నాకు తెలుసు, ఇంక లోకం ఏమనుకుంటే ఏంటి అనుకున్నాడు. మంచివాళ్లు చేసే తప్పు ఇదే. తమ మనసు తమకు తెలిస్తే చాలు, ఊరికి కూడా అట్లాగే అర్థమవుతుంది అనుకుంటారు.

వాగు అవతల గొల్లలు కర్రలు పాతి టార్పాలిన్ కట్టారు. వెంకన్న, అతని మేనమామ, మిగతా చుట్టాలు దాని కింద నిలబడ్డారు. లింగస్వామి ఒక్కడే వానలో తవ్వాడు. పైన బురద, కింద రాయి. పగులు దొరికిన చోట గడ్డపార పెట్టి ఎగదన్నితే పలక లేస్తుంది, లేవకపోతే భుజం లేస్తుంది. గోతిలోకి నీళ్లు ఊరుతుంటే కాసేపు ఎత్తిపోస్తూ కాసేపు తవ్వాడు. ఒకసారి తలెత్తి పిలిచాడు.

"వెంకన్నా, జర గా పార అందుకోని దిగరాదూ. నీళ్లు ఎక్కువున్నయి."

వెంకన్న ఒక అడుగు ముందుకు వేశాడు. మేనమామ జబ్బ పట్టుకుని ఆపాడు. "నీకేమన్న పిచ్చా? తల్లి సచ్చినోనివి, పార పట్టొచ్చునా? గాయన తవ్వుతాండు గద."

వెంకన్న ఆగిపోయాడు. లింగస్వామి మళ్లీ పిలవలేదు.

గోపమ్మను దించారు. మట్టి వేశారు. అప్పుడు మేనమామ చెప్పినట్టుగా వెంకన్న ఒక సంచిలోంచి ఎర్రంచు తువ్వాల, కల్లు సీసా, గిన్నెడు బియ్యం తీసి మట్టి మీద పెట్టి వెనక్కి జరిగాడు.

లింగస్వామి వచ్చింది కొడుకులా. వాళ్లు చూసింది వంతువాడిని. ఇది నాకొద్దు అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ కొత్త మట్టి కింద ఆ ముసలమ్మ ఉంది, పక్కన వెంకన్న వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, అందరూ తననే చూస్తున్నారు. కాదంటే చచ్చిన మనిషిని కాదన్నట్టు అవుతుందేమో అనిపించింది. కల్లు ముట్టలేదు, బియ్యం ముట్టలేదు. తువ్వాల ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చాక సుక్కమ్మ దాన్ని చూసింది. "ఏంది గది?"

"పెట్టిండు. తీసుకున్న."

సాల్మన్ వచ్చి గుమ్మంలో నిలబడి తువ్వాలను చూసి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. గోపమ్మ పేరున వచ్చింది కాబట్టి పారేయడానికి మనసు రాలేదు. వచ్చిన తీరు వల్ల వాడుకోవడానికి చెయ్యి రాలేదు. అట్లా అది దండెం ఎక్కింది. సాల్మన్ తమ్ముడితో మాటలు మానేశాడు.

నెల తిరగలేదు. గుర్వయ్య పటేలు తండ్రి చచ్చిపోయాడు.

గుర్వయ్య ఊళ్లో పెద్ద రైతు. లింగస్వామి పత్తి వేసింది అతని భూమిలోనే, కౌలుకు. వెంకన్న గొర్లు మేసేదీ అతని బీళ్లలోనే. కబురు తెచ్చింది కూడా వెంకన్నే. ఈసారి వాడ మొగదల ఆగలేదు. నేరుగా ఇంటి ముందుకు వచ్చి, దండెం మీది తువ్వాల వైపు ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు.

"పటేలు రమ్మంటాండన్నా. మామిడి తోటల తవ్వాలె."

"తోటకు బాట మంచిగనే ఉన్నది కదా. జేసీబీ పోతది."

"పెద్దాయనకు మిషిని వద్దంట. మనుషులే తవ్వాలంట. నువ్వు తువ్వాల తీసుకున్నవు కదా, వంతు నీదే అంటాండు." గొంతు తగ్గించి అన్నాడు. "కౌలు సంగతి గూడ యాది చేయమన్నడు."

పత్తి పూత మీద ఉంది. ఇప్పుడు భూమి గుంజుకుంటే ఏడాది చెమట మట్టిలో కలుస్తుంది.

"నేను మీ అమ్మకు తవ్విన వెంకన్నా. వంతుకు తవ్వలే."

"గది నాకు తెల్వదా అన్నా? కాని నేను ఒక్కటి అడుగుత, కోపం చేయకు. మనిషి సచ్చినంక కులమేంది? మా అమ్మకైతె తవ్వినవు. పెద్దాయనకైతె తవ్వనంటవు. పీనుగు పీనుగే కదా. నీ ధర్మం ఒక్కలకు ఒక్క తీరా?"

లింగస్వామికి ఆ ప్రశ్నలో నిజం ఉన్నట్టే అనిపించింది. ఒకరికి చేసిన మంచి ఇంకొకరికి ఎందుకు చేయడు? తన బిడ్డకు పాలు పోసినవాళ్లకే తవ్వితే అది ధర్మమా, ఇచ్చిపుచ్చుకోవడమా? చర్చిలో వినేది ఇదేనా?

జవాబు సుక్కమ్మ చెప్పింది. చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"సచ్చినంక కులం లేదంటున్నవు కదా తమ్మి. మంచిమాట. మరి తవ్వెటోనికి ఎందుకున్నది కులం? పీనుగుకు పోయిన కులం గడ్డపారకు ఎట్ల అంటుకున్నది?"

వెంకన్న రెండడుగులు వెనక్కి జరిగాడు.

అప్పటికి పక్కిళ్లవాళ్లు చేరారు. సాల్మన్ కూడా వచ్చాడు. నెల రోజుల తర్వాత తమ్ముడి మొహం చూసి మొదటి మాట అన్నాడు.

"ఆనాడు నువ్వు ఒక్కనివే పోయిన అనుకున్నవు రా. మమ్ములందర్ని ఎంబడేసుకోని పోయినవ్. ఇయ్యాల గడ్డపార నీ ఇంటికి వచ్చింది. రేపు నా ఇంటికి వస్తది."

లింగస్వామి దండెం దగ్గరికి వెళ్లి తువ్వాల తీశాడు. సిమెంటు దుమ్ము దులిపాడు. మడత పెట్టి భుజం మీద కాదు, చేతిలో పట్టుకున్నాడు. గడ్డపార గోడకే ఉంది.

"నడువు వెంకన్నా" అన్నాడు. సాల్మన్, విజేందర్ వెనక నడిచారు.

గుర్వయ్య ఇంటి ముందు షామియానా వేశారు. ఊరంతా అక్కడే ఉంది. గుర్వయ్య అరుగు దగ్గర కుర్చీలో కూచుని ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. ఆ దుఃఖం దొంగది కాదు. తండ్రి పోయిన కొడుకు ఎట్లా ఉంటాడో అట్లాగే ఉన్నాడు.

"ఏం లింగస్వామి, గడ్డపార ఏది?"

"తేలే పటేలా. ఇది తెచ్చిన."

గుర్వయ్యకు తువ్వాల సంగతి అర్థమైంది. గొంతు మెత్తగా చేసుకుని అన్నాడు. "మా నాయిన నీకేం అన్యాయం చేసిండు? సచ్చిన మనిషి మీద పగ పడతావు? మీరు చర్చిల సదివేది పక్కోన్ని ప్రేమించుమనే కదా? మానవత్వం అనేది ఒకటి ఉంటది లింగస్వామి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నిజమే, మానవత్వం ఉండాలన్నారు.

మానవత్వం అనే మాట మన ఊళ్లలో ఎప్పుడు వినపడుతుందో మీరే గమనించండి. హోటల్లో గ్లాసు దగ్గర వినపడదు. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు వినపడదు. లింగస్వామి తండ్రి పాడె ఒంటరిగా పోయిననాడు వినపడలేదు. గోతిలోకి దిగడానికి ఒక ఒళ్లు కావలసినప్పుడు మాత్రం ఊరంతా ఒక్క గొంతుతో ఆ మాట పలుకుతుంది.

లింగస్వామి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తడబడుతూనే మాట్లాడాడు.

"పెద్దాయన మీద నాకు పగ లేదు పటేలా. నీ బాధ బాధనే. నువ్వు లేసి పార పట్టు, నీ ఎంబడి నేను పడత. ఇప్పుడే పోదాం, నడువు."

గుర్వయ్య కదల్లేదు. "నేను తవ్వాల్నా?" అన్నాడు, తప్పు విన్నానేమో అన్నట్టు.

"మీ నాయినే కదా."

గుర్వయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"గోపమ్మవ్వకు నేను మనసుతోని తవ్విన. నా మనసుకు కిరాయి లేదు. తువ్వాల ఎత్తుకునుడు నాది తప్పు. సిగ్గుకు ఎత్తుకున్న. నేను చేసిన తప్పు నేనే దిద్దుకుంటున్న." వెంకన్న వైపు తిరిగాడు. "ఇది నీది వెంకన్నా. తీస్కో. తీసుకుంటె నేను మీ అమ్మ కోసం వచ్చినట్టు. తీసుకోకుంటె వంతుకు వచ్చినట్టు."

వెంకన్న కాళ్ల కింద నేలను చూస్తూ నిలబడ్డాడు. గుర్వయ్య అతన్నే చూస్తున్నాడు. వెంకన్న చెయ్యి లేవలేదు.

లింగస్వామి తువ్వాలను అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాడు. తన తండ్రి ముందు, తాత ముందు ఊరు ఎట్లా పెట్టిందో అట్లాగే. దాన్ని ఎత్తుకోవడానికి అక్కడ ఒక్కడికీ చెయ్యి రాలేదు. ఎత్తుకున్నవాడికి ఏం తగులుతుందో ఊరందరికీ తెలుసు.

"నీ పత్తి ఇగ నువ్వు చూసుకునుడు అయిపోయింది" అన్నాడు గుర్వయ్య.

"సరే పటేలా."

విజేందర్‌ను జేసీబీ తెమ్మన్నారు. ఇవాళ కిరాయికి రానన్నాడు. వేరే ఊరి నుంచి ఇంకో జేసీబీ తెప్పించి మామిడి తోటలో తవ్వించారు. మనుషులే తవ్వాలన్న పట్టుదల అంతటితో తీరిపోయింది.

లింగస్వామి గెలిచాడని ఎవరూ అనుకోకండి. మరునాడే గుర్వయ్య మనుషులు చేనులోకి దిగారు. పూత మీదున్న పత్తిని గట్టు మీద నిలబడి చూసి సుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు సాల్మన్ వచ్చి తమ్ముడి పక్కన కూచుని అన్నం తిన్నాడు. లింగస్వామికి నిద్ర పట్టడం మానేసింది. భూమి పోయినందుకు మాత్రమే కాదు. గోపమ్మకు తవ్వడం తప్పా అనే ప్రశ్న అతన్ని తొలిచేస్తోంది. తప్పైతే పాలు ఏమైనట్టు? ఒప్పైతే వాడ ఏమైనట్టు?

మళ్లీ ముసురు పట్టింది. వాగు అవతల గోపమ్మ బొంద కుంగిందని గొర్ల కాపరులు చెప్పుకుంటుంటే సుక్కమ్మ విని వచ్చింది. కొత్త బొంద వానకు కుంగితే మళ్లీ మట్టి పోయాలి, లేకపోతే కుక్కలు తోడతాయి.

"పోతవా?" అని అడిగింది.

లింగస్వామి గోడకున్న పార వైపు చూశాడు. ఆ పాలగిన్నె మళ్లీ కళ్ల ముందు కదిలింది. "పోను" అన్నాడు. ఆ మాట అనడానికి ఆ గోతి తవ్వడం కన్నా ఎక్కువ బలం కావలసి వచ్చింది.

పోను అన్నాడు కానీ తెల్లవారగానే కాళ్లు వాగు వైపే లాగాయి. ఒట్టి చేతులతో వెళ్లి ఇవతలి ఒడ్డున నిలబడ్డాడు. అవతల ఎవరో ఒంగి పని చేస్తున్నారు. వెంకన్న. చొక్కా లేదు. పార పట్టడం అలవాటు లేక మట్టి సగం పక్కన పడుతోంది. జారి మోకాళ్ల మీద పడి, మళ్లీ లేచి మట్టి ఎత్తుతున్నాడు. తలకు ఒక తువ్వాల చుట్టుకున్నాడు. ఎర్రంచు తువ్వాల.

గుర్వయ్య అరుగు మీది నుంచి దాన్ని ఎప్పుడు ఎత్తుకొచ్చాడో ఏమో.

లింగస్వామి వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. పార తీసుకుని వాగు దాటాడు. సుక్కమ్మ నీళ్ల చెంబు పట్టుకుని వెనక బయలుదేరింది. దారిలో సాల్మన్ చూసి, ఏమీ అడక్కుండా వెంట నడిచాడు.

వెంకన్న తలెత్తాడు. "నిన్ను పిలవలేదన్నా" అన్నాడు.

"తెలుసు. పిలిస్తె రాకపోదును."

లింగస్వామి రెండో పక్క నిలబడి మట్టి ఎత్తాడు. బాట మీద వెళ్తున్న వెంకన్న మేనమామ ఆగి చూసి, ఉమ్మి, వెళ్లిపోయాడు.

"గీ తువ్వాల ఎత్తుకున్నందుకు పటేలు తన బీళ్ల గొర్లను రానియ్యనన్నడు" అన్నాడు వెంకన్న, ఒంగిన తల ఎత్తకుండానే. "ఎక్కడ మేపాలె ఇగ?"

"నా పత్తి గూడ పోయింది కదా. ఏదన్న చూద్దాం."

కుంగిన చోటు నిండింది. వెంకన్న తల తువ్వాల విప్పి మొహం తుడుచుకుని, అదే తువ్వాల లింగస్వామి చేతికి ఇచ్చాడు. మట్టి మీద పెట్టలేదు. చేతికి ఇచ్చాడు. లింగస్వామి చెమట తుడుచుకుని తిరిగి అతని చేతికే ఇచ్చాడు. సుక్కమ్మ నీళ్లు తెస్తే వెంకన్న అలవాటు కొద్దీ దోసిలి పట్టాడు.

"చెంబు పట్టుకో తమ్మి" అంది ఆమె. "మీదికెల్లి పోసే ఓపిక నాకు లేదు."

అతను ఒక్క క్షణం ఆగి చెంబు అందుకుని నోటికి ఆనించి తాగాడు.

సాల్మన్ అది చూశాడు. "ఒక్కడు పట్టిండు. ఊరు ఇంకా పట్టలే" అన్నాడు.

"నాకు గీ సంగతే సమజ్ కాలేదన్నా ఇన్ని దినాలు" అన్నాడు లింగస్వామి, పార మీద రెండు చేతులూ ఆనించి. "గోపమ్మకు తవ్వుడు తప్పు కాదు. వెంకన్నను ఒడ్డు మీద నిలబెట్టి తవ్వుడు తప్పు. ఇద్దరి చేతుల్ల పార ఉంటె గది సాయం. ఒక్కని చేతుల్లనే ఉంటె, ఎంత మనసుతోని చేసినా, గది వంతే."